సముద్రం దాటిన కథకుడు - కింజో తెత్సువో

మా తరగతిలో ఒక పద్ధతి ఉంది. నెలకొకసారి పిల్లలు తమకిష్టమైన వస్తువొకటి తెచ్చి, దాని గురించి అయిదు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. క్రిందటి ఏడాది ఒక అబ్బాయి వెండిరంగు మీద ఎర్ర చారలున్న బొమ్మ తెచ్చాడు. పెద్ద పెద్ద కళ్ళు, గుండెల మీద చిన్న దీపం. పేరు అల్ట్రామాన్. జపాన్ టీవీ వీరుడు. నలభై మీటర్ల పొడుగు ఉంటాడనీ, భూమి మీద మూడు నిమిషాలే పోరాడగలడనీ, ఆ తరవాత దీపం ఎర్రగా మిణుకుమిణుకు మంటుందనీ వాడు తడుముకోకుండా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక పాప లేచి, ఈ కథ ఎవరు రాశారు మాస్టారూ అని అడిగింది.

నాకు తెలియదు. ఆ మాటే ఒప్పుకుని, తెలుసుకుని చెబుతానన్నాను. తెలుసుకున్నాక, ఇది ఆ ఒక్క పాపకే చెప్పి ఊరుకునే సంగతి కాదనిపించింది. పుట్టి పెరిగిన ఊరు ఒకచోట, బతుకుతెరువు మరొకచోట ఉన్న మనలాంటి వాళ్ళందరూ వినవలసిన జీవితం అది. అందుకే మన సంచికకి ఇది రాస్తున్నాను.

ఆయన పేరు కింజో తెత్సువో. ఇంటిపేరు కింజో, అసలు పేరు తెత్సువో. మన ఊళ్ళల్లో లాగానే జపాన్ వాళ్ళు కూడా ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. కింజో అనేది ఒకినావా దీవుల్లో చాలా మామూలు ఇంటిపేరు. ఆ పేరు వినగానే జపాన్‌లో ఎవరైనా ఆయనది ఏ ప్రాంతమో ఇట్టే చెప్పేస్తారు.

ఒకినావా ఎక్కడుంది?

పిల్లలూ, జపాన్ పటం తీసి చూడండి. పెద్ద దీవులు నాలుగూ పైన కనిపిస్తాయి. వాటి కిందనుంచి నైరుతి దిక్కుగా తైవాన్ వైపు చిన్న చిన్న దీవులు పూసలదండలాగా వెళతాయి. ఆ దండలో పెద్ద పూస ఒకినావా. వెచ్చటి సముద్రం, పగడాల దిబ్బలు, చెరుకు తోటలు. ఒకప్పుడు అది ర్యూక్యూ అనే వేరే రాజ్యం. చైనాతోనూ, జపాన్‌తోనూ, ఆగ్నేయాసియా రేవులతోనూ వర్తకం చేసి బతికిన రాజ్యం. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని రద్దు చేసి తనలో ఒక జిల్లాగా కలుపుకుంది.

ఒకినావాకి తన భాష తనకుంది. జపనీసుకి అది చుట్టమే గాని, జపనీసు వచ్చినంత మాత్రాన అర్థం కాదు. రాజ్యం పోయిన తరవాత బడుల్లో పిల్లలందరికీ జపనీసే నేర్పారు. ఎవరైనా నోరుజారి ఇంటి భాషలో మాట్లాడితే వాళ్ళ మెడలో ఒక చెక్క పలక వేలాడదీసేవారు. ఇంకో పిల్లవాడు అదే తప్పు చేసి దొరికేదాకా ఆ పలక మోయాలి. అమ్మ నేర్పిన మాట మాట్లాడినందుకు శిక్ష అది. శనివారం, ఆదివారం ఆటలు మానుకుని బడికి వచ్చి ఇంటి భాష నేర్చుకునే మీకు ఇది విచిత్రంగా ఉండవచ్చు. కాని రెండు తరాలు అలా గడిస్తే భాష ఏమవుతుందో ఊహించండి. 2009లో యునెస్కో వారు కనుమరుగయ్యే ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో ఒకినావా భాషను కూడా చేర్చారు.

యుద్ధం చూసిన పిల్లవాడు

తెత్సువో 1938 జూలై 5న పుట్టాడు. పెరిగింది ఒకినావా దక్షిణ భాగంలోని హాయెబారు అనే ఊళ్ళో. వాడికి ఆరేళ్ళప్పుడు, 1945 ఏప్రిల్ ఒకటో తారీకున, అమెరికా సైన్యాలు ఒకినావా పెద్ద దీవి మీద దిగాయి. పోరాటం మూడు నెలలపాటు సాగింది. రెండవ ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో జరిగిన అతి దారుణమైన పోరాటాల్లో అదొకటి. రెండు పక్షాల సైనికులూ, మామూలు జనమూ కలిసి దాదాపు రెండు లక్షలమంది చనిపోయారు. ఒకినావా ప్రజల్లో నలుగురికి ఒకరు పోయారని లెక్క.

హాయెబారు ఆ యుద్ధానికి నట్టనడుమ ఉంది. ఊరి కొండను తొలిచి జపాన్ సైన్యం అక్కడ ఆసుపత్రి పెట్టింది. హైస్కూలు చదువుకునే ఆడపిల్లలను అక్కడ నర్సుల పనికి పెట్టారు. వాళ్ళలో చాలామంది ఇళ్ళకు తిరిగి వెళ్ళలేదు. మామూలు జనం సున్నపురాతి గుహల్లో తలదాచుకున్నారు. కొన్నిచోట్ల సొంత సైన్యమే వాళ్ళను గుహల్లోంచి బయటికి వెళ్ళగొట్టి ఆ చోటు తాను తీసుకుంది.

తెత్సువో తల్లికి ఆ యుద్ధంలో ఒక కాలు పోయింది. ఆవిడ బతికింది. పిల్లవాడూ బతికాడు. మన పక్కన నిలబడినవాడే మనవాడని అనుకోవడానికి లేదనీ, శత్రువు ఎవరో మిత్రుడు ఎవరో కొన్నిసార్లు చెప్పడం కష్టమనీ ఆరేళ్ళ వయసులో చూసిన పిల్లవాడు అతను. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ప్రయాణ పత్రంతో టోక్యోకి

యుద్ధం అయిపోయాక ఒకినావా జపాన్‌కి తిరిగి దక్కలేదు. అమెరికా పాలనలోకి వెళ్ళి 1972 దాకా అలాగే ఉండిపోయింది. 1958 నుంచి అక్కడ డాలర్లు చెల్లేవి. ఒకినావా మనిషి టోక్యో వెళ్ళాలంటే పాస్‌పోర్టు లాంటి ప్రయాణ పత్రం చేతిలో ఉండాలి. అంటే తన దేశమే అనుకున్న చోటికి పరదేశిలాగా ముద్ర వేయించుకుని వెళ్ళాలన్నమాట. వీసా ఆఫీసుల ముందు వరసలో నిలబడ్డ మన పెద్దవాళ్ళకు ఆ ఇబ్బంది విడమరచి చెప్పనక్కరలేదు.

1954లో తెత్సువో ఆ పత్రం పట్టుకుని టోక్యో చేరి, తమగావా అనే పేరుగల విద్యాసంస్థలో హైస్కూలు చదువులో చేరాడు. తరవాత అక్కడే విశ్వవిద్యాలయం చదువూ పూర్తిచేశాడు. అప్పట్లో ఒకినావా నుంచి వచ్చినవాళ్ళంటే చిన్నచూపు చూసేవాళ్ళు టోక్యోలో ఉండేవారు. అయినా తెత్సువో ముడుచుకుపోయే రకం కాదు. నవ్వుతూ, నవ్విస్తూ, పదిమందిని వెంటేసుకుని తిరిగే మనిషని ఆయనను ఎరిగినవాళ్ళు అందరూ చెబుతారు.

చదువు అయ్యాక 1960ల మొదట్లో ఒకినావా వెళ్ళి, తన సొంత ప్రయత్నంతో ఒక సినిమా తీశారు. పదిహేడో శతాబ్దంలో పేదరికం వల్ల చిన్నతనంలోనే అమ్ముడుపోయి, ఆ బాధనంతా పాటల్లో చెప్పుకున్న చిరూ అనే ఒకినావా కవయిత్రి కథ అది. పాతికేళ్ళు నిండని కుర్రవాడు మొదటి సినిమాకి తన గడ్డ మీది కథనే ఎంచుకున్నాడు. దానివల్ల డబ్బేమీ రాలేదు. సినిమా తీయడమంటే ఏమిటో మాత్రం తెలిసింది.

గాడ్జిల్లా తండ్రి దగ్గర

తమగావాలోని ఒక గురువు తెత్సువోను త్సుబురాయా ఎయిజికి పరిచయం చేశారు. త్సుబురాయా అంటే 1954లో వచ్చిన గాడ్జిల్లా సినిమాకి మాయాదృశ్యాలు తీసిన మహానుభావుడు. మనకి పాతాళభైరవి, మాయాబజార్ సినిమాల్లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా ఎలాగో, జపాన్ వాళ్ళకి త్సుబురాయా పనితనం అలాగ. ఆయన 1963లో సొంత సంస్థ పెట్టారు. కింజో అందులో చేరి, కొద్దికాలంలోనే కథల విభాగానికి పెద్ద అయ్యారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు.

ఆ రోజుల్లో టీవీలో అంత పెద్ద మాయాదృశ్యాలు ఎవరూ తీయలేదు. త్సుబురాయా అమెరికా నుంచి ఆప్టికల్ ప్రింటర్ అనే యంత్రం తెప్పించారు. వేరువేరుగా తీసిన రెండు మూడు బొమ్మలను ఒకే ఫిల్ము మీద కలిపే యంత్రం అది. ఖరీదు ఆయన సంస్థ తాహతుకి మించినది. చివరికి టి.బి.ఎస్ అనే టీవీ సంస్థ ఆ భారం తీసుకుని, దానికి బదులు ఒక ధారావాహిక తీసిపెట్టమంది. అలా తయారైనదే అల్ట్రా క్యూ. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ వాళ్ళ అతి కష్టమైన విన్యాసాలను అల్ట్రా సి అనేవారు. ఆ మాట అప్పుడు అందరి నోటా నానుతూ ఉండటంతో ఈ పేరు పుట్టింది. 1966 జనవరి 2న అల్ట్రా క్యూ మొదలయ్యేసరికి ఆదివారం సాయంత్రం జపాన్ పిల్లలు వీధుల్లో కనిపించడం మానేశారు.

దాని వెనకే అల్ట్రామాన్. 1966 జూలైలో మొదలై 1967 ఏప్రిల్ 9 దాకా 39 భాగాలు వచ్చింది. సగటున నూటికి 36 ఇళ్ళకు పైగా చూశారని ఆనాటి లెక్కలు చెబుతున్నాయి. వీరుడి రూపం గీసినది నరితా తోరు అనే శిల్పి. ఆ రబ్బరు దుస్తుల్లోకి దూరి కుస్తీలు పట్టినది ఫురుయా బిన్ అనే పొడుగాటి నటుడు. కథ మొత్తానికి వెన్నెముక కింజో. పదికి పైగా భాగాలు తానే రాశారు. మిగిలిన రచయితలకు దారి చూపించినదీ ఆయనే.

అసలు ఎలా తీసేవారు?

ఇక్కడ పిల్లల కోసం కొంచెం ఆగి చెబుతాను. ఆ రోజుల్లో కంప్యూటర్ బొమ్మలు లేవు. ఒక్కో భాగం రెండు బృందాలు తీసేవి. మనుషులు మాట్లాడుకునే దృశ్యాలు ఒక బృందం, రాక్షసజంతువుల పోరాటాలు ఇంకో బృందం. అల్ట్రామాన్‌కి మనుషుల దృశ్యాలు చిన్న ఫిల్ము మీద, పోరాటాలు పెద్ద ఫిల్ము మీద తీశారు. బొమ్మల మీద బొమ్మలు కలిపేటప్పుడు స్పష్టత తగ్గకూడదని.

మేడలు, వంతెనలు, రైళ్ళు అన్నీ చిన్న నమూనాలే. వాటి మధ్య మామూలుగా నడిస్తే మనిషి మనిషిలాగే కనిపిస్తాడు. అందుకని కెమెరాను మామూలుకంటే వేగంగా తిప్పి తీసి, తెర మీద మామూలు వేగంతో చూపించేవారు. అప్పుడు అడుగులు నెమ్మదిగా, బరువుగా పడతాయి. పిల్లి గెంతడానికీ ఏనుగు నడవడానికీ తేడా అదే కదా. చిన్న నటుడు నలభై మీటర్ల వాడయ్యే రహస్యం అంతే.

డబ్బు ఎప్పుడూ తక్కువే. అల్ట్రా క్యూలో గారమోన్ అనే జంతువుకి కుట్టిన దుస్తులనే అల్ట్రామాన్‌లో పిగ్మోన్‌కి వాడారు. ఇంకో భాగంలో గాడ్జిల్లా పాత దుస్తుల మెడ చుట్టూ పెద్ద పట్టీ తగిలించి జిరాస్ అని కొత్త పేరు పెట్టారు. ఇది కింజో రాసిన భాగమే. పాత చీరను లంగా ఓణీగా మార్చి కుట్టే మన అమ్మమ్మల నేర్పు అక్కడా ఉంది.

కథకుడికి ఇరవై అయిదు నిమిషాలే దొరికేవి. అందులో చివరి కొద్ది నిమిషాలు పోరాటానికి పోతాయి. మిగిలిన కొంచెంలోనే మనిషిని చూపించాలి. కింజో ప్రతిభ అక్కడే కనిపిస్తుంది. పిగ్మోన్ మళ్ళీ వచ్చే భాగంలో, రక్షక దళంలోని ఇదే అనే యువకుడికి ఒక దిగులు పట్టుకుంటుంది. ఎలాగూ చివరికి అల్ట్రామాన్ వచ్చి గెలిపిస్తాడు కదా, ఇక మనం ఎందుకు అని. ఆ దిగులులో అతను చేతులు ముడుచుకున్న వేళ, మోకాలెత్తు పిగ్మోన్ మనుషులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకుంటుంది. ఆఖరి భాగంలోనైతే అల్ట్రామానే ఓడిపోతాడు. శత్రువును చివరికి పడగొట్టింది మనుషులు తమ చేతులతో చేసుకున్న ఆయుధం. పెద్దవాడెవడో వచ్చి కాపాడతాడని కూర్చోకండి, మీ ఊరిని మీరే కాచుకోండి అని అర్థం. ఆ కథలు రాసినవాడు పెద్ద సైన్యాల మధ్య నలిగిన దీవిలో పుట్టినవాడని తెలిసినప్పుడు ఆ ముగింపు మనకి ఇంకోలా వినిపిస్తుంది.

సముద్రం అడుగున ఎవరు?

1967 అక్టోబరు 1న అల్ట్రా సెవెన్ మొదలైంది. ఈసారి శత్రువులు ఎక్కువగా వేరే గ్రహాల నుంచి వచ్చేవాళ్ళు. వీరుడు డాన్ కూడా వేరే లోకం నుంచి వచ్చినవాడే. మనిషి వేషంలో మనుషుల మధ్య ఉద్యోగం చేస్తూ, అసలు తానెవరో ఎవరికీ చెప్పుకోలేక బతుకుతుంటాడు. అతను దాచుకున్న నిజాన్ని సాటి ఉద్యోగి ఆన్‌తో చెప్పుకునేది కథ చివరి భాగంలోనే. పరాయి ఊళ్ళో ఉద్యోగం చేసే వాళ్ళకి ఆ దృశ్యం గుండెకు తగులుతుంది. రాసినది కింజో.

ఆ ధారావాహికలో 42వ భాగం 1968 జూలై 21న వచ్చింది. పేరు 'నోన్‌మాల్టుల దూత'. కథ కింజోది, దర్శకుడు మిత్సుతా కజుహో. అప్పటికి ధారావాహిక చూసేవాళ్ళు కొంత తగ్గారు, ఖర్చు పెట్టడానికి డబ్బూ తగ్గింది. ఇప్పటికీ జపాన్‌లో ఆ ఒక్క భాగం గురించి వ్యాసాలు రాస్తూనే ఉన్నారు.

కథ ఇది. డాన్, ఆన్ సెలవు రోజున సముద్రపు ఒడ్డుకు వస్తారు. ఒక పిల్లవాడు ఆన్ దగ్గరికి వచ్చి, సముద్రం అడుగున చేస్తున్న పనులు ఆపించమని, ఆపకపోతే ఘోరం జరుగుతుందని హెచ్చరిస్తాడు. కాసేపటికే అడుగు నేలను తవ్వడానికి వచ్చిన ఓడ పేలిపోతుంది. పిల్లవాడు మళ్ళీ కనిపించి అసలు సంగతి చెబుతాడు. ఈ భూమి మీద మొదట ఉన్నవాళ్ళు నోన్‌మాల్టులు. మనుషులు తరవాత వచ్చి, వాళ్ళను తరిమేసి, నేలంతా ఆక్రమించుకున్నారు. సముద్రం అడుగున దాక్కున్నవాళ్ళను అక్కడా బతకనివ్వడం లేదు.

డాన్ గుండెలో రాయి పడుతుంది. ఎందుకంటే అతని సొంత లోకంలో భూమి మనుషులను నోన్‌మాల్టులనే పిలుస్తారు. మరి పిల్లవాడు చెప్పేది నిజమైతే? ఇంతకాలం తాను కాపాడుతున్నది ఆక్రమించుకున్నవాళ్ళనా? ఆలోచించుకునే తీరిక దొరకదు. నోన్‌మాల్టులు ఒక జలాంతర్గామిని చేజిక్కించుకుని దాడి చేస్తారు. అల్ట్రా సెవెన్‌గా మారి డాన్ వాళ్ళ రాక్షసజంతువును ఓడిస్తాడు. దళనాయకుడు కిరియామాకి సముద్రం అడుగున ఒక నగరం కనిపిస్తుంది. భూమి అసలు వారసులు వీళ్ళేనేమోనని ఒక్క క్షణం సందేహిస్తాడు. అదేమీ కాదని తనకు తానే చెప్పుకుని, నగరం మొత్తాన్ని ధ్వంసం చేయిస్తాడు. గెలిచామనీ, ఇక సముద్రపు అడుగు కూడా మనదేననీ సంతోషంగా చాటిస్తాడు.

పిల్లల కార్యక్రమంలో వీరులు గెలిచారు. చూసిన పిల్లలకి మాత్రం చప్పట్లు కొట్టాలనిపించలేదు. చివర్లో ఇంకో దెబ్బ ఉంది. ఒడ్డున ఒక తల్లి కనిపిస్తుంది. ఆ పిల్లవాడు రెండేళ్ళ క్రితమే ఆ సముద్రంలో చనిపోయాడని ఆన్‌కీ, డాన్‌కీ అప్పుడు తెలుస్తుంది. సముద్రాన్ని ప్రేమించిన పిల్లవాడు సముద్రం తరఫున దూతగా వచ్చాడన్నమాట.

మార్స్ అంటే పడమటి పురాణాల్లో యుద్ధదేవత. ఆ దేవత కానివాళ్ళు, అంటే యుద్ధం కోరనివాళ్ళు అనే అర్థంలో నోన్‌మాల్ట్ అన్న పేరు పెట్టారని చెబుతారు. ఈ కథలో నోన్‌మాల్టులంటే ఒకినావా వాళ్ళేనని చాలామంది విమర్శకులు రాశారు. ఆ ఏడాదే ఒకినావాలోని అమెరికా స్థావరం నుంచి బి-52 బాంబరు విమానాలు వియత్నాం మీదికి వెళ్ళేవి. అంత నేరుగా ముడిపెట్టకూడదని, కథను కథగానే చూడాలని అనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా ఆలోచించదగినదే. నాకు తోచింది చెబుతాను. కింజో ఆ కథలో ఎక్కడా ఒకినావా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే అది ఒక దీవి గోడు అయి ఉండేది. ఎత్తకపోవడం వల్ల అది ఎక్కడివాళ్ళకైనా తమ కథ అయింది. మీరు నిలుచున్న నేల మీద మీకంటే ముందు ఎవరున్నారు, వాళ్ళేమయ్యారు అన్న ప్రశ్న టోక్యోలో ఎంత నిజమో మనం ఇల్లు కట్టుకున్న ప్రతి దేశంలోనూ అంతే నిజం.

తిరిగి ఇంటికి

అల్ట్రా సెవెన్ 1968 సెప్టెంబరులో ముగిసింది. ఆ తరవాత సంస్థకు కష్టకాలం వచ్చింది. పెద్దల కోసం తీసిన కొత్త ధారావాహిక అనుకున్నంత ఆడలేదు. ఖర్చులు తగ్గించవలసి వచ్చి కథల విభాగాన్నే ఎత్తేశారు. 1969లో కింజో ఉద్యోగం వదిలి, భార్యాపిల్లలతో ఒకినావా తిరిగి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది జనవరిలో ఆయన గురువు త్సుబురాయా కన్నుమూశారు.

తిరిగి వెళ్ళడం గురించి మనం ఎన్ని కలలు కంటామో మీ ఇళ్ళల్లో వినే ఉంటారు. ఇంకో అయిదేళ్ళు, పిల్లల చదువులు అవగానే అని లెక్కలు వేసుకుంటూ ఉంటాం. కింజో ఆ కలను నిజం చేసుకున్నారు. ఒకినావాలో రేడియోలో మాట్లాడారు. ర్యూక్యూ రాజ్యం కాలంనాటి కథలతో నాటకాలు రాసి ఆడించారు. టోక్యోలో ఉన్నప్పుడు ఆయన ఒకినావా మనిషి. ఒకినావా వచ్చాక టోక్యో నుంచి వచ్చిన మనిషి. పదిహేనేళ్ళు దూరంగా ఉండి వచ్చినవాడికి ఊరు తాను వదిలి వెళ్ళినట్టు ఉండదు. ఒకినావా నాటకం నడిచేది ఒకినావా భాషలో, పనిచేసిన ఇన్నాళ్ళూ ఆయన రాసింది జపనీసులో.

1972 మే 15న ఒకినావా జపాన్‌లో తిరిగి కలిసింది. ఆ సందర్భాన్ని పురస్కరించుకుని 1975 జూలై నుంచి 1976 జనవరి దాకా మొతొబు తీరంలో అంతర్జాతీయ సముద్ర ప్రదర్శన జరిపారు. నీటి మీద తేలే పెద్ద కట్టడం దానికి ముఖ్య ఆకర్షణ. సముద్రాన్ని మనిషి వాడుకోబోయే రేపటి రోజును చూపించే ప్రదర్శన అది. దాని ప్రారంభ, ముగింపు ఉత్సవాలు నడిపే బాధ్యత కింజోకు అప్పగించారు. ఊరికి మేలు జరుగుతుందని నమ్మినవాళ్ళు ఉన్నారు. రోడ్లకోసం తవ్విన ఎర్రమట్టి సముద్రంలోకి కొట్టుకొచ్చి పగడాలు చస్తున్నాయని, ధరలు పెరిగాయని, మన సముద్రాన్ని బయటివాళ్ళు అమ్ముకుంటున్నారని కోపగించుకున్నవాళ్ళూ ఉన్నారు. అనుకున్న 45 లక్షలమందికి గాను దాదాపు 35 లక్షలమందే వచ్చారు. అప్పులు చేసి హోటళ్ళు కట్టినవాళ్ళు మునిగిపోయారు.

ఏడేళ్ళ క్రితం సముద్రం అడుగు ఎవరిదని పిల్లల చేత అడిగించిన రచయిత, ఇప్పుడు ఆ ప్రశ్నకు రెండు వైపులా ఉన్న తనవాళ్ళ మధ్య నిలబడవలసి వచ్చింది. టోక్యోకూ ఒకినావాకూ మధ్య వంతెన కావాలని ఆయన కోరిక. వంతెన మీద అందరూ నడుస్తారు గాని, వంతెనకు ఏ ఒడ్డూ ఇల్లు కాదు.

ఆ రోజుల్లో ఆయనకు తాగుడు ఎక్కువైంది. ఇది పిల్లలకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కాని పెద్దవాళ్ళకి కూడా మనసు అలిసిపోతుందనీ, అప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండి చెయ్యి పట్టుకోవాలనీ మీరు తెలుసుకోవడం మంచిదే. 1976 ఫిబ్రవరిలో ఒకరోజు ఇంటి పై అంతస్తులో ఉన్న తన రాతగదిలోకి వెళ్ళబోతూ కాలుజారి కిందపడ్డారు. మూడు రోజుల తరవాత, ఫిబ్రవరి 26న పోయారు. వయసు 37 ఏళ్ళు. సముద్ర ప్రదర్శన ముగిసి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు.

మిగిలినవి

హాయెబారులో ఆయన కుటుంబం ఆ రాతగదిని అలాగే భద్రపరిచింది. అల్ట్రామాన్ అభిమానులు వెతుక్కుంటూ వెళ్ళి చూసి వచ్చారు. ఆయన వెంట టోక్యోలో పనిచేసిన ఇంకో ఒకినావా రచయిత ఉయెహారా షోజో 1999లో తన మిత్రుడి జీవితాన్ని పుస్తకంగా రాశారు. ఒకినావావాళ్ళు సముద్రానికి అవతల నిరాయి కనాయి అనే దేవతల లోకం ఉందని నమ్ముతారు. మంచి అంతా అక్కడి నుంచే వస్తుందని వాళ్ళ విశ్వాసం. నక్షత్రాల అవతల నుంచి మంచి చేయడానికి వచ్చే అల్ట్రామాన్‌లో ఆ నమ్మకం ఛాయ ఉందనేవాళ్ళున్నారు. అమ్మమ్మ కథల్లోంచే కొత్త కథలు పుడతాయి కాబట్టి అది అసంభవమేమీ కాదు.

పిల్లలూ, ఆ ప్రశ్న అడిగిన పాపకి తరవాతి వారం ఇదంతా చెప్పాను. అంతా విని, కింజో గారికి వాళ్ళ అమ్మ భాష బాగా వచ్చా అని ఇంకో ప్రశ్న వేసింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆయన తరం పిల్లలకు ఆ భాష నేర్పిన బడి లేదని మాత్రం చెప్పాను. ఒకినావాలో ఇప్పుడు కొందరు ఆ భాషను పిల్లలకు మళ్ళీ నేర్పుతున్నారు. అక్కడ మగవాళ్ళు నమస్కారానికి హాయిసాయ్ అంటారు, ఆడవాళ్ళు హాయితాయ్ అంటారు. అప్పుడు తరగతి అంతా ఒక్కసారిగా హాయిసాయ్, హాయితాయ్ అని అరిచింది. బొమ్మ తెచ్చిన అబ్బాయి అల్ట్రామాన్ చేత కూడా నమస్కారం పెట్టించాడు.

ఈ సెలవుల్లో మీరు ఒక పని చేయండి. మీ తాతయ్యనో నాయనమ్మనో కూర్చోబెట్టి, మీ ఊరి కథ ఒకటి చెప్పించుకోండి. చెరువు కథ కావచ్చు, వరద కథ కావచ్చు, ఊరు వదిలి వచ్చిన రోజు కథ కావచ్చు. దాన్ని తెలుగులో నాలుగు పేజీలు రాసి తీసుకురండి. మీకు నచ్చితే అందులో ఒక రాక్షసజంతువును కూడా పెట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కింజో గారు చేసింది కూడా అదే.